మోకాలెత్తు కంచె

“కోయమంటే కోస్తానమ్మా, కానీ ఇది కంచెకి క్షవరం చేసే కాలం కాదు” అన్నాడు తోటమాలి తాత, పెద్ద కత్తెరని చంకలో ఇరికించుకుని.

“నాకు మాత్రం కాలమెక్కడుంది తాతా? సాయంత్రం ఐదింటికి ఆయన ఊర్నించి వచ్చేస్తారు. ఆలోపు అయిపోవాలి.”

మాస్టారి భార్య ఇంత గట్టిగా మాట్లాడటం తాత ఏనాడూ వినలేదు. ఆ కంచె మాస్టారికి పంచప్రాణాలు. పెళ్ళై ఈమెని తెచ్చుకున్న ఏడు నాటారు. తొమ్మిదేళ్ళలో మనిషిని మించి జానెడు పెంచారు. చీమ దూరాలన్నా ఆయన్ని అడిగి దూరాల్సిందే.

“పోనీ, నా మాట విను తల్లీ. తొలకరి పడ్డాక కత్తిరిస్తే పది రోజుల్లో చిగురేస్తుంది. అదీ ఒక్కసారిగా కాదు, ఈ ఏడు కొంత, పై ఏడు కొంత. అడుగు వెడల్పుగా, తల సన్నంగా ఉంచితేనే కింది ఆకుకి ఎండ తగిలేది. ముదురు కొయ్య దాకా కోశామా, ఈ ఎండలకి మోడే మిగులుతుంది.”

“మిగలనీ.”

“ఎంతెత్తు ఉంచమంటావు? భుజం దాకానా?”

“మోకాలి దాకా.”

తాత నోరు తెరిచాడు. “మాస్టారు నన్ను కూడా అంతే ఎత్తుకి కోస్తారు!”

“నీ మీదికి రానివ్వను. నేనే చేయించానని చెబుతాను.”

తాత రెండు కర్రలు పాతి, మధ్యలో తాడు బిగించి కట్టాడు. కత్తెర పెట్టేముందు కొమ్మలు విడదీసి చూసుకుంటూ పోయి, మూలన ఆగాడు.

“గూడుంది. రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా ఆగడం మా పనిలో ధర్మం.”

ఆమె వంగి చూసింది. తెరుచుకున్న ఎర్రటి నోళ్ళు మూడు.

“ఆ ఒక్క మొక్కా వదిలెయ్. మిగతాది కానీ.”

కత్తెర, ఆ తరవాత రంపం. మధ్యాహ్నం దాటేసరికి వీధి మొత్తం వాకిట్లోకొచ్చి పడింది. దాంతోపాటే ఎదురింటి పిన్నిగారూ వచ్చారు. ఈ వీధిలో ఎవరింట పాలు విరిగినా ముందు ఆవిడకే తెలియాలి మరి.

“హమ్మయ్య! ఇన్నాళ్ళకి మీ గుమ్మం మొహం చూశానే అమ్మాయ్! ఇంట్లో ఉన్నావో లేవో తెలిసి చచ్చేది కాదు. ఏమిటో ఈ ముచ్చట? కొత్త చీరలు వీధికి చూపించాలనా?”

“అలాగే అనుకోండి పిన్నిగారూ. ఇక్కడి మాట మీ వసారాలోకి వినిపిస్తుందా?”

“మాటేమిటే, నీ గాజుల చప్పుడు కూడా వినిపిస్తుంది!”

“సాయంత్రాలు ఇంట్లోనే ఉంటారుగా?”

“ఈ కీళ్ళనొప్పులతో ఎక్కడికి ఊరేగుతాను చెప్పు?”

ఆమె నవ్వింది. ఆమెకి నవ్వొస్తుందని పిన్నిగారికి ఆ పూటే తెలిసింది.

“వీధి చూసే సరదాకి పచ్చటి చెట్ల గొంతు కోయించింది” అని గొణుక్కుంటూ తాత కొమ్మలన్నీ బండికెత్తుకుని వెళ్ళిపోయాడు.

ఐదింటికి మాస్టారు వచ్చారు. గేటు దగ్గరే నిలబడి, మోళ్ళని ఈ చివర్నించి ఆ చివరిదాకా చూశారు. ఎదురు వసారాలో కూరలు తరుగుతున్న పిన్నిగారికి నమస్కారం పెట్టి, “నొప్పులెలా ఉన్నాయండీ?” అని కూడా అడిగారు.

పిన్నిగారు మురిసిపోయారు. “దేవుడిలాంటి మొగుడే నీకు! ఇంకొకడైతే ఈపాటికి ఇల్లు పీకి పందిరేసేవాడు” అని ఇవతలికి కేకేశారు.

మాస్టారు మెట్ల దగ్గరికి నడిచారు. “లోపలికి రా” అన్నారు నెమ్మదిగా.

ఆమె కదల్లేదు. “ఏం చెప్పినా ఇక్కడే చెప్పండి.”

“లోపలికి రమ్మన్నాను.”

“రాను. ఇక్కడైతే అందరూ ఉన్నారు.”

మొదటి దెబ్బకే ఎదురింటి తలుపు మూసుకుంది.