నాలుగో చోటు

"కళ్లకేమండీ, బాగానే ఉన్నాయి. అద్దాల్లేకుండా పేపరు చదువుతాను," అన్నాడు డార్సీ ఫోన్లో.

"కళ్లు కాదయ్యా, కాళ్లు. కాళ్లెలా ఉన్నాయి?" కాబోయే మామగారు క్లెమ్ గొంతు వారింగా అనే ఊరి నుంచి గరగరలాడుతూ వచ్చింది.

"కాళ్లా? రెండూ ఉన్నాయండీ."

"చాలు. రాజుగారి పుట్టినరోజు సెలవుకి మా టిల్లీతో కలిసి వచ్చెయ్. పడవ పందెంలో మా పడవలో నాలుగో చోటు నీది. గట్టి బూట్లు తెచ్చుకో."

పక్కనే ఉన్న టిల్లీ అంతా వింది. ఆ నాలుగో చోటు వాళ్లమ్మది. ఆవిడ పోయి రెండేళ్లు. ఆ రెండేళ్లూ క్లెమ్ పడవని షెడ్డులోంచి బయటికి తియ్యలేదు.

"నాన్న ఆ చోటు ఎవరికీ ఇవ్వడనుకున్నాను," అంది కళ్లు తుడుచుకుంటూ.

ఇక డార్సీ ఏమని చెప్తాడు? తనకి ఈత రాదనా? ఏడేళ్లప్పుడు సముద్రం ఒకసారి తనని నోట్లో వేసుకుని, రుచి నచ్చక ఒడ్డున ఉమ్మేసిందనా? అప్పట్నించీ స్నానాల తొట్టిని కూడా అనుమానంగా చూస్తాడనా? ఆదివారాలు నారింజ జామ్ కాచడం అతని సరదా. తెడ్డు అంటే అతనికి తెలిసింది ఆ జామ్ కలిపేదొక్కటే. పడవలో గొడవుందని తెలిసీ నోరు మూసుకున్నాడు.

టిల్లీకి చెప్పకుండా ఈత క్లాసులో చేరాడు. తోటివాళ్లందరికీ ఆరేళ్లు. నెల తిరిగేసరికి వాళ్లకి ఈత వచ్చింది, ఇతనికి రోత వచ్చింది. మునగడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది.

జూన్‌లో, అక్కడి చలికాలంలో, బయల్దేరారు. ఎడిలైడ్ దాటాక గోధుమ చేలు, చేలు దాటాక గొర్రెలు, గొర్రెలు కూడా దాటాక ఒట్టి ఎర్రమట్టి. రెండు రోజుల దారి. రోడ్డు చివర ఎప్పుడూ ఒక నీటి మడుగు మెరిసేది. కారు దగ్గరికెళ్తే అది లేచి ఇంకో మైలు అవతలకెళ్లి కూర్చునేది. టిల్లీ నడుపుతుంటే డార్సీ ఆ మెరుపునే చూస్తూ కునుకు తీసేవాడు. కలలో పడవ. పడవ కింద పచ్చటి చీకటి. అందులోంచి ఎవరో చాలా మర్యాదగా, తొందరేమీ లేకుండా, అతని బూట్ల లేసులు విప్పుతున్నారు.

"రాజుగారు పుట్టింది నవంబర్లో కదా," అన్నాడు ఉలిక్కిపడి లేచి. "జూన్‌లో ఎందుకు చేస్తాం?"

"రాజుగారు సెలవిచ్చాక ఎందుకని అడగకూడదు."

"మీ ఏరు వెడల్పేనా?"

"అవతలి గట్టు మీద మనిషి ఇటు నుంచి చీమంత ఉంటాడు."

"లోతు?"

"లోతెవరు చూశారు?"

డార్సీ సీటు బెల్టు బిగించుకున్నాడు. "పందెంలో ఎవరైనా పడ్డారా ఎప్పుడైనా?"

"ఏటా పడతారు. పోయినసారి డగ్గీ బాబాయి పడ్డాడు. వెనక పడవ ఆయన మీంచే పోయింది."

"పోయాడా?"

"రెండు పళ్లు పోయాయి. వెతికితే ఒకటి దొరికింది."

"వానొస్తే?"

"రద్దే. అలా రద్దయిన ఏడు ఊరంతా కూర్చుని ఏడిచింది."

డార్సీ ఆకాశంకేసి చూశాడు. ఒక్క మబ్బయినా పంపమని అడిగాడు. ఆకాశం నీలంగా నవ్వింది.

పందెం రోజు పొద్దున్నే వారింగా చేరారు. నీలగిరి చెట్ల వరస, దాని వెనక ఏరు. చెట్ల సందుల్లో పొగ. సాసేజీలు కాలుతున్న వాసన. చలికి జనం నోళ్లలోంచి వచ్చే ఆవిరి ఆ పొగలో కలిసి, ఊరు నేలకి జానెడెత్తున తేలుతున్నట్టుంది. డార్సీ కారు వెనక నుంచి నారింజరంగు లైఫ్ జాకెట్ తీసి తొడుక్కున్నాడు. జనం తినీ తినని సాసేజీ చేతిలో పట్టుకుని చూస్తున్నారు.

"ఎవరే ఈ పండు?" అందొక ముసలమ్మ.

క్లెమ్ సన్నగా, ఎండిన కర్రలా ఉన్నాడు. జాకెట్ వంక వింతగా చూశాడు గానీ ఏమీ అనలేదు. చేతిలో పాత నీలం టోపీ. "ఇది మా ఆవిడది. నీ తల కాస్త పెద్దదే. అయినా పట్టాలి."

డార్సీ టోపీ అందుకున్నాడు. పెట్టుకోలేకపోయాడు.

"నావల్ల కాదండీ. నాకు ఈత రాదు. నీళ్లు చూస్తే కాళ్లు వణుకుతాయి. నేను మునగడమే కాదు, మిమ్మల్నీ ముంచుతాను. ఈ చోటు ఇంకెవరికైనా ఇవ్వండి."

టిల్లీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మరి రెండు రోజులు కారెక్కి ఎందుకొచ్చావు?" అన్నాడు క్లెమ్.

"మీరు ఆ చోటు ఇస్తానన్నారు. వద్దనలేకపోయాను."

"ఇప్పుడు ఎక్కమంటే?"

డార్సీ చెట్లకేసి చూశాడు. "ఎక్కుతాను. టిల్లీకి ఒక మాట చెప్పి ఎక్కుతాను."

క్లెమ్ టోపీ తీసుకుని తనే డార్సీ నెత్తిన పెట్టి, చెవుల దాకా లాగాడు. జనంవైపు తిరిగి గొంతు పెంచాడు.

"విన్నారా? మా పడవెక్కితే మునిగిపోతానని తెలిసీ వచ్చాడు మా అల్లుడు."

ముందు ఒక మూల కిచకిచ. అది అలలా లేచి, గట్టంతా నవ్వు అయింది. డార్సీ చెవులు టోపీ కింద కాలిపోయాయి.

"టిల్లీ, వీడికి చెప్పలేదుటే?"

"అందరికీ తెలిసిందేగా అనుకున్నాను నాన్నా."

క్లెమ్ డార్సీ భుజమ్మీద చెయ్యి వేసి, చెట్టు కొమ్మ పక్కకి తొలగించాడు.

"మా ఏట్లో నీళ్లుండవు బాబూ, పడవెత్తుకుని పరిగెత్తడమే."