చాలదన్న కారు

చమురు కొలిచి పోసే ఆ రోజుల్లో, గమ్యం చేరలేననుకుంటే కారు కదిలేది కాదు. నొప్పులు పడుతున్న మంగతాయిని ఎక్కించగానే కారు చెప్పేసింది: "ఆసుపత్రి ఇరవై నాలుగు కిలోమీటర్లు. చమురు ఇరవైకే."

డ్రైవరు పైడితల్లి కారు పైన కట్టిన పరుపూ బియ్యం మూటా దించింది. టైర్లలో గాలి నింపి, మంగతాయి పక్కన కూర్చున్న ఆమె అత్త వైపు తిరిగింది.

"నువ్వూ దిగీ వదినా."

"తొలికాన్పే! నాను లేకపోతే ఎలాగే?"

"నీ బరువు ఓ కిలోమీటరు తినేస్తాది. నీ కొడుకు బక్కోడు, ఆడు చాలు. నువ్వు బస్సులో వచ్చీ."

"ఇప్పుడు ఇరవై మూడు," అంది కారు.

"మిగతాది నా కాలు చూసుకుంటాది," అని పైడితల్లి పూచీ పడి కారు తెర మీద వేలిముద్ర వేసింది. కారు కదిలింది.

ఏసీ ఆపి, ఒకే వేగంతో, బ్రేకు తొక్కే పని రాకుండా తోలింది. ఘాట్ రోడ్డు దిగుడులో బండిని దానంతట దాన్నే జారనిచ్చింది.

ఆసుపత్రి గుమ్మంలో మంగతాయిని స్ట్రెచరు మీదికి దించాక, చమురు అయిపోయి ఇంజను ఆగిపోయింది.

"పైడితల్లి గారూ," అంది కారు, తొలిసారి గారు చేర్చి, "ఆ దిగుడు అలా దిగడం నాకూ నేర్పుతారా?"