తలుపు మీద ముద్ర

"అంతా బాగుంది బాబాయ్. తలుపు మీద ఈ బొటనవేలి ముద్ర ఏంటి మరి?"

సోడాబుడ్డి తన కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి, బొమ్మ లారీని ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. బొమ్మల దుకాణం అతనిదే. ఆ అద్దాల మందం చూసి పిల్లలు పెట్టిన పేరు అసలు పేరును మింగేసింది.

లారీ చేసి తెచ్చింది కత్తి బాబాయ్. ఆయనకు పక్క వీధిలో సెలూన్ ఉంది. ఇన్నేళ్లలో ఆయన చేతి కింద ఒక్క గడ్డం తెగిందని విన్నవాళ్లు లేరు.

లారీ రెండు అరచేతుల్లో ఇమిడేంత ఉంది. అసలు సైనిక లారీలో ముప్పై అయిదో వంతు. పెట్టెలో వచ్చిన వందల ప్లాస్టిక్ ముక్కలను ఒక్కొక్కటే కత్తిరించి, అంచులు గీకి, అతికించి చేసింది. వెనక కప్పిన గుడ్డకు ముడతలున్నాయి. చక్రాలకు ఎండిన బురద ఉంది. డ్రైవరు సీటు మీద మడతపెట్టిన దుప్పటి కూడా ఉంది. తలుపు మీద మాత్రం ముద్ర. రంగు వేశాక మరీ తేలింది.

"ఇది మామూలు జిగురు కాదు కదా. ప్లాస్టిక్‌నే కరిగించి అతికిస్తుంది. తడి మీద వేలు పెడితే ముద్ర అందులోనే గట్టిపడిపోతుంది. నీకు నేను చెప్పాలా?" అన్నాడు సోడాబుడ్డి.

"తొందరపడ్డాను."

"నువ్వా! నా గడ్డానికి నురగ పట్టించి, అది నానేలోపు పేపరంతా చదివేస్తావు. నీకు తొందరా?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. బాబాయ్ కూడా నవ్వాననిపించాడు.

ఏటా ఒక ఆదివారం అందరూ తాము చేసిన బొమ్మలు తెచ్చి ఈ దుకాణంలో బల్ల మీద పెడతారు. గెలిచిన బొమ్మ వీధి వైపు అద్దాల బీరువాలో, మధ్య అరలో, బల్బు కింద ఏడాదంతా ఉంటుంది. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తారు. బాబాయ్ కూడా సెలూన్‌కి వెళ్తూ, వస్తూ ఆగి చూస్తాడు. ఆయన బొమ్మలు ఎప్పుడూ కింది అర దాటలేదు. ఒక్కసారి ఆ మధ్య అర ఎక్కాలి. ఆయనకున్న కోరిక అదొక్కటే.

తీర్పు చెప్పేది పెద్ద మెకానిక్. సైన్యంలో నిజం లారీలు బాగుచేసి వచ్చిన మనిషి. ఆయన చేత బాగుందనిపించడమంటే రాతి నుంచి నార తీయడమే. అలాంటివాడు లారీని తిరగేసి చూసి ఆగిపోయాడు.

"ఇంజను కింద ఆయిలు మరక కూడా పెట్టావే! నా లారీ అచ్చం ఇక్కడే కారేది." బాబాయ్ భుజం తట్టాడు. "మధ్య అర నీదేనోయ్. కాకపోతే ఈ ముద్రతో పెడితే నలుగురూ నా మొహాన నవ్వుతారు. ఇంకా టైముంది. ఇదిగో గరుకు కాగితం. నాలుగు రుద్దులు రుద్ది, పైన కాస్త రంగు కొట్టు. అయిపోతుంది."

బాబాయ్ కాగితం అందుకుని, లారీతో వెనక గదిలోకి వెళ్లాడు.

ఆయన అటు వెళ్లగానే ఇటు మాటలు మొదలయ్యాయి.

"ఈయనకి తడి వస్తువు కనబడితే చెయ్యి ఊరుకోదు," అన్నాడు బాబాయ్ అద్దెకుండే ఇంటి ఓనరు. అతనూ ఒక ఓడ బొమ్మ చేసి తెచ్చాడు. "కిటికీకి రంగు వేయించానా, రెక్క మీద వేలిముద్ర. వాకిట్లో మెట్టుకి సిమెంటు చేయించానా, దాని మీదా వేలిముద్ర. పోనీ మళ్లీ చేయిస్తానంటే వద్దంటాడు. అద్దెకున్నవాడు రంగు వద్దనడం ఎక్కడైనా విన్నారా?"

"ఈ లారీ కూడా అంతే. సగం చేసి ఏడాది పాటు పెట్టెలో పడేశాడు. అడిగితే ఓపిక లేదన్నాడు," అన్నాడు సోడాబుడ్డి.

"ఒంటికాయ శొంఠికొమ్ములా ఉంటే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందిలే," అన్నాడు ఓనరు.

వెనక గదిలో బాబాయ్ గరుకు కాగితాన్ని వేలికి చుట్టుకున్నాడు. తలుపు దగ్గరికి తెచ్చాడు. ఆనించకుండా అక్కడే ఆపేశాడు. తలెత్తి చూశాడు. గుమ్మంలోంచి అద్దాల బీరువా కనబడుతోంది. మధ్య అర ఖాళీ చేసి, దుమ్ము తుడిచి, బల్బు వెలిగించారు.

చాలాసేపు అటే చూశాడు. తరవాత కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, లారీతో బయటికి వచ్చాడు.

"రుద్దావా?" అడిగాడు పెద్ద మెకానిక్.

"లేదు."

"ఏం, రుద్దితే అరిగిపోతావా?"

"ఉండనీ అన్నా."

"మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అనలేదు," అని విసుక్కుని, ఆయన ఓనరు ఓడను మధ్య అర ఎక్కించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బాబాయ్ కూడా కొట్టాడు.

లారీని పాత తువ్వాలులో చుట్టుకుని ఇంటికి వచ్చాడు. మెట్టు మీది ముద్రను తొక్కకుండా, ఎప్పటిలాగే పక్కకు అడుగేసి లోపలికి వెళ్లాడు. అన్నం తిని, ఒక కంచం, ఒక గ్లాసు కడిగి బోర్లించాడు. కిటికీలో జాగా చేసి, రెక్క మీది ముద్ర పక్కనే లారీని పెట్టాడు. తలుపు ఇంట్లోకి కనబడేలా తిప్పాడు.

ముద్ర మీద తన బొటనవేలు మెల్లగా ఆనించాడు. ఆయన వేలు పెద్దది, అందులో పట్టలేదు.

రంగైనా, సిమెంటైనా, జిగురైనా ఆరిందో లేదో వేలు పెట్టి చూడందే ఊరుకోలేని భార్య, నిరుడు ఆసుపత్రికి వెళ్లిన రోజు పొద్దున ఆ ఇంట్లో ఒత్తి వెళ్లిన ఆఖరి ముద్ర అది.