నలభై మూడో రోజు

"క్యాసెట్ బయటికి తియ్యి, ఈశ్వరప్పా. నా చేత్తోనే పగలగొడ్తా."

మిట్టమధ్యాహ్నం వీడియో సెంటర్ తలుపు తోసుకుని కర్రతో నిలబడ్డాడు తిప్పన్న. కంబదూరు అభిమాన సంఘానికి అతనే అధ్యక్షుడు. కల్యాణదుర్గం థియేటర్లో తన హీరో సినిమాకి ఆ రోజు నలభై మూడోది. ఇంకో వారం లాగితే అర్ధశతదినోత్సవం, మేళాలు, ఊరేగింపు. జనం రావడం లేదు, రేపటి నుంచి ఎత్తేస్తున్నామని మేనేజరు పొద్దున్నే కబురు పెట్టాడు. జనం ఎందుకు రారో ఊళ్ళో వాకబు చేస్తే తెలిసింది. సగం ఊరు ఈ రేకుల గదిలో చాపల మీద కూచుని అదే సినిమా చూస్తోంది.

సెంటర్ నడిపే ఈశ్వరప్ప వీసీఆర్‌కి అడ్డంగా చేతులు చాపి బతిమాలాడు. తిప్పన్న వినలేదు. ముందు వరసలో శనక్కాయలు వొలుచుకుంటున్న ముసలి చిన్నక్క కర్ర కొన పట్టుకుంది.

"పాట వస్తాండాదప్పా. అది అయినాక పగలగొట్టుకో."

పెద్దామె మాట తీసెయ్యలేక పళ్ళు కొరుక్కుంటూ టీవీ వైపు చూశాడు. చూసినకొద్దీ ఒళ్ళు మండింది. మొదటిరోజు ఆటలో ఎవడో దొంగచాటుగా కెమెరా పెట్టి తీసిన బొమ్మ అది. హీరో ముఖమే అలుక్కుపోయింది. అది చాలదన్నట్టు, పాట అందుకోగానే ఒకడు తువ్వాలు తిప్పుతూ తెరకడ్డంగా లేచాడు. హీరో గెంతినప్పుడల్లా వాడి వీపే కనిపిస్తోంది.

"ఎవడప్పా వాడు? మా అన్న స్టెప్పులన్నీ మింగేస్తాండాడు. దొరికితే ఈ కర్ర వాని మీదే ఇరగ్గొడ్తా."

గదంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. టీవీలో ఆ మనిషి తెరకు కర్పూర హారతిచ్చి, జనం వైపు తిరిగి దండం పెట్టాడు.

తిప్పన్నే. తన వీపు తనకెప్పుడు కనబడింది గనక!

ఈలలకు రేకులు అదిరాయి. చిన్నక్క శనక్కాయలు ఒళ్ళో వదిలేసి చప్పట్లు కొట్టింది.

"అద్దో, మన రామక్క కొడుకు. నీ కోసరమే నాలుగుసార్లు చూస్తిమి గదప్పా."

పాట అయ్యేదాకా తిప్పన్న కదల్లేదు. తర్వాత కర్ర మూలన పెట్టి, టీవీ మీద వెలుతురు పడకుండా తలుపు దగ్గరికి వేసి, చిన్నక్క పక్కనే చాప మీద చతికిలబడ్డాడు.

"ఈశ్వరప్పా, మిగతా ఏడు దినాలు నువ్వే ఆడిచ్చు," అన్నాడు గొంతు తగ్గించి. "యాభై రోజుల ఊరేగింపు ఈడనుంచే తీస్తాం."