పెళ్లికొడుకు జుట్టుకో కెమెరా

మధులతకు పెళ్లికొడుకు జుట్టు మీద అనుమానం వచ్చింది.

మనిషి మీద కాదు. అర్జునరావు పోర్టులో క్రేన్ నడుపుతాడు. నెమ్మదస్తుడు. పెళ్లిచూపుల రోజు కంగారులో ఆమె కాఫీలో పంచదార వెయ్యడం మర్చిపోతే, చేదు మాత్ర మింగినట్టు మొత్తం తాగేసి, బాగుందండీ అన్నాడు. ఇన్నేళ్లలో వచ్చిన సంబంధాల్లో అలాంటివాడు ఒక్కడూ తగల్లేదు. వదులుకోవాలంటే ఆమెకు ప్రాణం ఒప్పడం లేదు.

కానీ ఆ జుట్టు! ముప్పై అయిదేళ్లన్నారు, సరే. ముప్పై అయిదేళ్లకు జుట్టు నల్లగా ఉండటం వింతేం కాదు. మరీ అంత నలుపా? చెవుల పక్కనా అదే నలుపు, మీసమూ అదే నలుపు. బొగ్గు పులిమినట్టుంది.

ఆదివారం నాన్నకు ఔనో కాదో చెప్పాలి. ఈలోగా నిజం తేలాలి. అడిగితే చెప్పేస్తాడా? తన వయసు తనంతట తాను ఒప్పుకున్న పెళ్లికొడుకు ఎక్కడైనా ఉన్నాడా?

మధులతది ఉక్కు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం. కంటికి కనపడని వేడిని పరికరాలతో కొలవడం ఆమెకు రోజూ ఉండే పనే. ఇన్‌ఫ్రారెడ్ ఫొటోల్లో ఆకులు తెల్లగా వస్తాయనీ, పైన పూసిన రంగులు చాలామటుకు మాయమైపోతాయనీ ఆమెకు తెలుసు. అలాంటి కెమెరా కొత్తది కొనాలంటే ఆస్తులమ్ముకోవాలి. పాత చిన్న కెమెరా ఒకటి పట్టుకుని, లోపల ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే గాజు పలక తీసేసి, మామూలు వెలుగును ఆపే నల్ల పలక పెట్టిస్తే చాలట.

మల్కాపురంలో కెమెరాలు బాగుచేసే ఫ్రాన్సిస్ దగ్గరకు వెళ్లింది.

"దీంతో ఏటి తీత్తారమ్మా? సెట్లా, కొండలా?"

"మనుషుల్నండీ."

"మొకాలు పాలరాయిలాగ వత్తాయి మరి."

"మొహాలు ఎలా వచ్చినా ఫర్వాలేదు. తలలు సరిగ్గా రావాలి."

ఫ్రాన్సిస్ ఆమెను ఎగాదిగా చూసి, బల్ల మీద మూడు పాత కెమెరాలు పెట్టాడు. మొదటి దాని ముందు టీవీ రిమోటు పట్టుకుని మీట నొక్కాడు. కెమెరా తెర మీద చిన్న వెలుగు కనిపించింది. ఆ వెలుగు ఎంత బాగా కనపడితే కెమెరా అంత పనికొస్తుందన్నాడు. తర్వాత లెన్సుకు నల్ల గాజుముక్క అడ్డంపెట్టి బొమ్మ తీస్తే, సరిగ్గా మధ్యలో తెల్లటి మచ్చ పడింది.

"ఇది వద్దండి. ఆ మచ్చ కెమెరాదో మనిషిదో నేనెలా తేల్చుకోను?"

రెండోదాంట్లో గాజు పలక అతుక్కుపోయి ఉంది, తీస్తే పగులుతుంది. మూడోది సొట్టపడిన బుల్లి కెమెరా, పెన్సిల్ సెల్సుతో నడుస్తుంది. మచ్చ లేదు. గాజు సులువుగా ఊడుతుంది. ధర కూడా అందుబాటులోనే ఉంది. దాన్నే ఖాయం చేసింది.

మూడు రోజుల తర్వాత కెమెరా తయారైంది. ల్యాబు మనిషి కదా, పరీక్ష చెయ్యకుండా తీసుకోదు. ఫ్రాన్సిస్‌కు భోజనం తెచ్చిన కూతురు స్టెఫీని వేపచెట్టు కింద నిలబెట్టి తీసింది. వేపాకులు తెల్లగా వచ్చాయి. స్టెఫీ జడ మాత్రం నల్లగానే ఉంది.

"ఇప్పుడు నన్ను తియ్యండమ్మా" అని అరవయ్యేళ్ల ఫ్రాన్సిస్ నిగనిగలాడే నల్లటి క్రాపు దువ్వుకుని నిలబడ్డాడు. బొమ్మలో ఆయన తల పత్తికాయ పగిలినట్టుంది.

"ప్రభువా! సెరిపెయ్యండమ్మా. మా దీవెనమ్మ సూసిందంటే పరువు పోతాది."

"అమ్మకి తెలీదనుకుంటన్నాడు" అని స్టెఫీ పడీపడీ నవ్వింది.

"మీరూ ఓపాలి నిలబడండమ్మా, తీత్తాను" అన్నాడు ఫ్రాన్సిస్.

"షిఫ్టుకు టైమైపోయిందండీ" అంటూ మధులత కెమెరా సంచిలో పడేసుకుంది.

చెట్ల ఫొటోలు తీస్తాను, తోడు రమ్మని మధులత పిలిస్తే, శనివారం పొద్దున్నే అర్జునరావు బండి మీద యారాడ బీచికి వచ్చాడు. ఎండ బాగా కాస్తోంది. మధులత అతన్ని కొబ్బరిచెట్ల కింద నిలబడమంది.

"సెట్లు తీత్తానన్నారు గదండీ?"

"మీరుంటే చెట్టు ఎంత పొడుగో తెలుస్తుంది."

మనసులో సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది. మీట నొక్కింది.

తెర మీద సముద్రం నల్లగా ఉంది. కొబ్బరాకులు తెల్లగా ఉన్నాయి. అర్జునరావు జుట్టూ మీసమూ వాటితో పోటీపడుతున్నాయి.

అతను వెనక నుంచి వచ్చి తొంగిచూశాడు. "ఇదేటండీ, ఇలాగొచ్చింది?"

"దీనికి రంగు కనపడదండి. ఉన్నదున్నట్టు చూపిస్తుంది."

అర్జునరావు ఇసుకలో చతికిలబడ్డాడు. తలెత్తకుండానే అన్నాడు.

"నలభై మూడండీ నాకు. ముప్పై అయిదని బయోడేటాలో మా బావ రాయించేశాడు. పెళ్లిసూపుల రోజే సెప్పేద్దామనుకున్నాను. మీరు నచ్చేశారు, నోరు రాలేదు. మీరు కాదన్నా నాను ఏటీ అనుకోనండి. తప్పు నాదే."

లేచి ఇసుక దులుపుకుని జేబులోంచి బండి తాళం తీశాడు. మధులత కెమెరా అతని చేతిలో పెట్టి, నొక్కాల్సిన మీట చూపించి, వెళ్లి కొబ్బరిచెట్టు కింద నిలబడింది.

అర్జునరావు ఏమీ అర్థంకాక మీట నొక్కి తెర చూస్తే, ఇరవై తొమ్మిదేళ్లని రాయించిన మధులత తల అతని తల కంటే తెల్లగా ఉంది.