దారిలో ఆగిన కబురు

“ఈ సూదిమందు నొప్పి కబురును మెదడుకు చేరకుండా దారిలోనే ఆపేస్తుంది. కానీ చీము పట్టిన పన్ను కదా, ఒక్కోసారి సరిగా పనిచేయదు. నొప్పి పుడితే ఎడమ చేయి ఎత్తు తల్లీ. వెంటనే ఆపి, ఇంకాస్త మందిస్తాను,” అంది పళ్ల డాక్టరమ్మ.

“ఒట్టు?” అంది పాప.

“ఒట్టు.”

పక్కనే స్టూలు మీద కూర్చున్న అమ్మ, “నేనున్నానుగా బంగారం,” అంటూ ఆ ఎడమ చేతిని తన ఒళ్లోకి తీసుకుంది.

సూది పడింది. పెదవి మొద్దుబారింది. డాక్టరమ్మ పాప నోటి మీంచి చూపు తిప్పకుండా పన్ను కదిపింది. పాప కళ్ల వెంట ధారలుగా నీళ్లు కారాయి. చేయి మాత్రం లేవలేదు. ఆ కన్నీళ్లు భయంతో కాబోలనుకుని డాక్టరమ్మ పన్ను పీకేసింది.

“భేష్! చేయి ఎత్తనే లేదు. నొప్పే తెలియలేదన్నమాట!”

దూది కరిచిపట్టిన పాప మాట్లాడలేక ఎడమ చేయి చాపి చూపించింది. మణికట్టు మీద వేళ్ల అచ్చులు ఎర్రగా తేలి ఉన్నాయి.

“మీరు మధ్యలో ఆపితే దిగిపోతుంది. ఒకసారి దిగితే చచ్చినా మళ్లీ కుర్చీ ఎక్కదండీ. అందుకే నేనే అదిమి పట్టుకున్నాను,” అని అమ్మ నవ్వబోయింది. “పద బంగారం, ఇంటికెళ్దాం.”

అమ్మ చేయి చాచింది. పాప రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.