చివరి గుత్తి

"పైన ఏడు పండ్లున్నాయి. ఎవరు వదిలారు?"

ఫ్రావ్ లిండ్నర్ చెట్టు కింద నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని పైకి చూస్తోంది. ఆ సేంద్రియ చెర్రీ తోట ఆవిడది. కోతకు వచ్చిన ఆరుగురూ బకెట్లు దించి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నేనే," అంది కౌసల్య, తనకు వచ్చిన జర్మన్‌లో. "పిట్టలకని వదిలాను. మా ఇళ్లలో చెట్టును పూర్తిగా దులిపెయ్యరు."

"పిట్ట ఒకటి తింటుంది. మిగతా ఆరింట్లో ఈగ గుడ్లు పెడుతుంది. పురుగు నేలలోకి దిగి హాయిగా పడుకుని, వచ్చే మే నెలలో రెక్కలతో లేస్తుంది. నేను మందు కొట్టను కదా. నాకున్న మందల్లా చెట్టు మీద పండు మిగలకపోవడమే. ఎక్కి కోసెయ్."

కౌసల్య నిచ్చెన ఎక్కింది. కిందికి దిగాక ఆమెను అక్షయ పక్కకు లాగింది. ఆ పిల్ల దగ్గర్లోని యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తూ ఈ తోటలో ఈగల లెక్క చూస్తోంది.

"ఆమె చెప్పేది నిజమే అక్కా. పోయినేడు నూరు పండ్లు నలిపి ఉప్పునీళ్లల్ల ఏస్తే తొమ్మిది పురుగులు తేలినయంట. రెండు దాటితే కొనేటోళ్లు తీసుకోరు. లోడు మొత్తం వెనక్కి పంపిన్రు."

"ఏడు పండ్లకే గంత కథనా?"

"గంతే. నీకు పని కావాల్నా, పిట్టలు కావాల్నా?"

పని కావాలి. కోత అయిపోయాక ఆపిల్ కాలం దాకా ఒక్కరినే ఉంచుకుంటానని ఫ్రావ్ లిండ్నర్ మొదటి రోజే చెప్పింది. ఆ ఒక్కరూ తానే కావాలని కౌసల్య ఎంతగా కోరుకుంటోందో భర్తకు కూడా చెప్పలేదు. వాళ్లుంటున్న జిండెల్ఫింగెన్ ఊళ్లో వీసా భర్త రవీంద్రనాథ్ పేరు మీద, ఇల్లు ఆయన పేరు మీద, కాలింగ్ బెల్ మీదా ఆయన పేరే. రెండేళ్లలో ఆమెను ఆమె పేరు పెట్టి పిలిచిన చోటు ఈ తోట ఒక్కటే.

ఆ రోజు నుంచి కౌసల్య చేతిలో చెట్టు పడితే ఇక అంతే సంగతులు. ఆకు ఆకునూ ఎత్తి చూసి మరీ కోసేది.

జూన్ పొద్దులు అక్కడ ఒక పట్టాన వాలవు. తొమ్మిదైనా వెలుగు ఆకుల్లో నానుతూనే ఉంటుంది. కొమ్మలకు కట్టిన పసుపురంగు జిగురు అట్టలు గాలికి మెల్లగా తిరుగుతుంటే, అక్షయ భూతద్దం పట్టుకుని వాటికి అంటుకున్న ఈగలను లెక్కబెట్టుకుంటూ చెట్టు నుంచి చెట్టుకు పోయేది. నిచ్చెన చివర నిలబడిన కౌసల్యకు కింద లోయ నీలంగా కరిగిపోతున్నట్టు కనిపించేది. రైలు చప్పుడు ఎవరి కలలోంచో వస్తున్నట్టుండేది. పండు తొడిమ తెగిన చిన్న చప్పుడుకు ఉలిక్కిపడి, తాను ఎక్కడున్నదీ గుర్తు చేసుకునేది. ఇంత సుఖంగా ఉన్నందుకు ఒక్కోసారి భయం కూడా వేసేది.

ఆఖరి రోజున ఇంటి వెనక ముసలి చెట్టు ఒక్కటే మిగిలింది. ఏటా ఫ్రావ్ లిండ్నర్ తానే కోసుకునే చెట్టు అది. ఈ ఏడు మోకాలు ఆవిడ మాట వినడం లేదు.

"నేనెక్కుతాను," అన్నాడు మారెక్. పదేళ్లుగా ఏటా పోలండ్ నుంచి కోతకు వస్తున్న మనిషి.

"వద్దు. కౌసల్య కోస్తుంది."

మారెక్ మొహం చిన్నబోయింది. అక్షయ కళ్లతోనే 'ఇదే పరీక్ష' అంది. కౌసల్యకూ అలాగే అనిపించింది.

చెట్టంతా కోసేసరికి సాయంత్రమైంది. చిట్టచివరి కొమ్మన ఒక గుత్తి మిగిలింది. ముదురు ఎరుపు, ఎండ పడి లోపల దీపం పెట్టినట్టుంది. దానికి జానెడు దూరంలో పసుపు ముక్కు నల్లపిట్ట ఒకటి కూర్చుని, ఎగిరిపోకుండా ఆమెనే చూస్తోంది.

కౌసల్య చెయ్యి చాచింది. వెనక్కి తీసుకుంది. మళ్లీ చాచింది.

"ఏమనుకోకే," అంది తెలుగులో. "నాకు గూడ పని కావాలె గద."

గుత్తి తెగింది. పిట్ట కాసేపు ఖాళీ కొమ్మను చూసి ఎగిరిపోయింది. కౌసల్య మనసు చివుక్కుమంది. నిచ్చెన దిగుతూ పైకి చూడలేకపోయింది.

వరండాలో అక్షయ నూరు పండ్లు నలిపి ఉప్పునీళ్లలో వేసింది. అందరూ ఆ గిన్నె చుట్టూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. పావుగంట గడిచింది. ఒక్క పురుగు కూడా తేలలేదు. మారెక్ ఈల వేశాడు. ఫ్రావ్ లిండ్నర్ మొదటిసారి నవ్వింది.

"పని నీదే, కౌసల్యా. సోమవారం నుంచి రా."

కౌసల్య ఆవిడ చెయ్యి పట్టుకుని వదిలిపెట్టలేకపోయింది. ఫ్రావ్ లిండ్నర్ ఆ చెయ్యి ఊతంగానే మెల్లగా ఇంటి వెనక్కి నడిచి, ముసలి చెట్టు కింద ఆగి తల పైకెత్తింది. చాలాసేపు దించలేదు.

"చివరన ఒక గుత్తి ఉండాలే."

"కోసేశాను." కౌసల్య బకెట్ ముందుకు జరిపింది. "చూసుకోండి. ఈసారి ఒక్క పండు కూడా వదల్లేదు."

ముసలావిడ వంగి, బకెట్‌లోంచి ఆ గుత్తిని తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ముప్పై ఏళ్లుగా ఇది పిట్టలదే," అంది. "మారెక్‌ను కాదని ఈ చెట్టు నీకెందుకు ఇచ్చాననుకున్నావు?"